బోధన్ చెరుకు తోటల్లో వైర్‌లెస్ జీపు

నేను అప్పట్లో సికింద్రాబాద్‌లో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఏటా రేడియో తరంగాల పాఠం రాగానే బల్ల మీద రెండు తీగచుట్టలు పెట్టి, ఒకదాని దగ్గర నిప్పురవ్వ పుట్టించి, రెండోదాని దగ్గర వెంట్రుకవాసి రవ్వ చూపించేవాణ్ణి. వెనక బెంచీల వాళ్లకు అది కనిపించేది కాదు. కనిపించిన వాళ్లకు దానివల్ల లోకానికి ఏమొరిగిందో తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే నాకే ఆ పాఠం మీద విసుగు పుట్టింది.

డెబ్బయ్యో దశకం మొదట్లో ఒక జనవరిలో నా పాత విద్యార్థి యూసుఫ్ ఇంటికి వచ్చాడు. బోధన్ దగ్గరి ఒక చక్కెర ఫ్యాక్టరీ ఆ సీజన్‌కు పరీక్షగా రెండు జీపుల్లో వైర్‌లెస్ సెట్లు పెట్టించిందట. ఒక జీపు ఇతనిదే. నడిపేదీ ఇతనే, మాట్లాడేదీ ఇతనే.

"సార్, మీరు మాకు రవ్వలు సూపెట్టిండ్రు. నేను రోడ్డు మీద పోతనే ఏడెనిమిది మైళ్ల అవతలోనితోని మాట్లాడుతున్న. ఒక్కసారి వచ్చి సూడుండ్రి" అన్నాడు.

తీగ ఉన్న టెలిఫోనే సరిగా పలకని రోజులవి. తీగ లేకుండా, అదీ కదిలే బండిలోంచి మాట్లాడటం అంటే చూడకుండా ఉండబుద్ధి కాలేదు. వారం తిరగకముందే బయల్దేరాను.

కాచిగూడలో ఉదయం ఏడింటికి మీటర్‌గేజి పాసింజరు. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరకాలంటే అరగంట ముందే వెళ్లాలి. పులిహోర పొట్లం, మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోవాలి. కామారెడ్డిలో దొరికే వడలు చూడ్డానికి బాగుంటాయి, అంతవరకే.

ఎదురుగా వేల్పూర్ తిరిగి వెళ్తున్న ఒక పసుపు రైతు కూర్చున్నాడు. పెద్దమనిషి. ఎక్కడికని అడిగితే చెప్పాను. ఆయన తలపాగా సర్దుకొని ముందుకు వంగాడు.

"తీగ లేకుంటే మాట యాడికెళ్లి పోతది సారూ?"

"ఖాళీలోంచే పోతుంది. అన్ని దిక్కులకూ పోతుంది."

"మా వేల్పూర్ దిక్కు గుడ?"

"అటు కూడా. పెట్టె ఉన్నవాడు వింటాడు."

"గట్లయితే గుట్టు మాట్లాడుకునేదెట్ల?" అన్నాడు.

తీగ మీద మాట ఒక ఇంటికే వెళ్తుంది. వైర్‌లెస్ మాట ఊరందరిదీ. అందులోంచి ఎవరి మాట వాళ్లకు చేర్చడమే ఈ విద్యలో అసలు చిక్కు అని నేను పుస్తకాల్లో చదివాను గానీ, ఒక పసుపు రైతు అంత తొందరగా అక్కడికి చేరుకుంటాడని అనుకోలేదు.

ఇందల్వాయి దగ్గర గుట్టలు మొదలయ్యాయి. ఇంజను ఆయాసపడుతూ ఎక్కింది. స్టేషన్‌లో ఆడవాళ్లు బుట్టల్లో రేగుపండ్లు అమ్ముతున్నారు. ఆ పండ్లు తింటూ, గింజలు కిటికీలోంచి ఊస్తూ మధ్యాహ్నానికి నిజామాబాద్ చేరాం.

స్టేషన్ ఎదుటి లాడ్జిలో గది తీసుకున్నాను. మంచం నులక వదులై ఉయ్యాలలా ఉంది కానీ దుప్పటి శుభ్రంగా ఉంది. గంజ్ బజారులో తిరిగితే తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఒకే బేరంలో వినిపించాయి. జొన్నరొట్టె, వంకాయ కూర తిని, క్షేమంగా చేరానని ఇంటికి చెబుదామని పోస్టాఫీసుకు వెళ్లి ట్రంక్‌కాల్ బుక్ చేశాను. మా పక్కింటివాళ్లకు ఫోనుంది. బెంచీ మీద కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. సాయంత్రానికి లైను కలిసింది. "హలో, నేను చేరాను!" అని గొంతు చించుకుని అరిచాను. పోస్టాఫీసులో ఉన్నవాళ్లందరికీ నేను చేరిన సంగతి తెలిసింది, మా ఆవిడకు తప్ప. లైను తెగిపోయింది.

మర్నాడు పొద్దున ఎనిమిది గంటల బస్సులో బోధన్ బయల్దేరాను. ఎడపల్లి దాటాక గాలిలో ఉడుకుతున్న చెరుకురసం వాసన మొదలైంది. ఇక అక్కణ్ణుంచి రోడ్డు ఎడమ పక్కంతా ఫ్యాక్టరీ తూకానికి వరుస కట్టిన చెరుకు బండ్లే. ఎడ్లు నెమరేస్తున్నాయి, బండ్ల కింద మనుషులు గోనెపట్టాలు పరుచుకొని నిద్రపోతున్నారు. నా పక్కన కూర్చున్నావిడ చేతిలో సద్దిమూట ఉంది, వరుసలో ఉన్న కొడుక్కట. "మొన్న వచ్చిండు సారూ, ఇంక కాంటా కాడికి పోనేలే" అంది.

యూసుఫ్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నన్ను లోపలికి తీసుకెళ్లి ముందు నీళ్లట్యాంకు మీదికి చూడమన్నాడు. దాని నెత్తిన సన్నటి లోహపు కడ్డీ ఒకటి నిలబెట్టి ఉంది. కింద చిన్న గదిలో బీరువా అంత సెట్టు, దాని ముందు భూమన్న అనే ఆపరేటరు. ఆయన కిటికీలోంచి బండ్లు ఆగే మైదానమంతా కనిపిస్తుంది. మైదానంలో స్తంభాలకు లౌడ్‌స్పీకర్ భోంగాలు కట్టారు. ఏ బండి కాంటా మీదికి రావాలో భూమన్నే మైకులో పొద్దస్తమానం పిలుస్తుంటాడు.

జీపు వెనక సీట్లో ఇంకో సెట్టు, పైన వణికే ఏరియల్ కడ్డీ. చేతిలో పట్టుకునే మైకుకు ఒక మీట ఉంది. నొక్కితే మనం మాట్లాడాలి, వదిలితే వినాలి. రెండు జీపులకూ, భూమన్నకూ ఉన్నది ఒకటే దారి. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు నోరు మూసుకోవాల్సిందే. మా కాలేజీ స్టాఫ్ మీటింగుకు ఇలాంటి యంత్రం ఒకటి కావాలనిపించింది.

ఫ్యాక్టరీ వదిలి రెండు మైళ్లు పోయాక యూసుఫ్ మీట నొక్కి పిలిచాడు. మీట వదలగానే భూమన్న గొంతు పెట్టెలోంచి పలికింది. "చెప్పు ఒకటో నెంబరు, వినవడుతుంది."

జీపు కుదుపుకి నా తల టాపుకు తగులుతోంది. రోడ్డు పక్కన గొర్రెలు పోతున్నాయి. ఇంత మామూలు ఉదయంలో, ఏ ఆధారమూ లేని ఖాళీలోంచి, ఒక మనిషి గొంతు, దాని దగ్గుతో సహా వచ్చి నా మోకాళ్ల దగ్గర మాట్లాడుతోంది. ఇన్నేళ్లు నేను చెప్పిన సూత్రమే అది. అయినా చిన్నపిల్లవాడిలా "మళ్లీ పిలువు, మళ్లీ పిలువు" అన్నాను. యూసుఫ్ విసుక్కోకుండా పిలిచాడు.

దారంతా అతను పరీక్షలు చూపించాడు. మిట్ట మీద మాట స్పష్టంగా వచ్చేది. వాగులోకి దిగగానే కొబ్బరిచిప్ప గీకినట్టు ఒకటే గరగర. ఈ తరంగాలు దాదాపు చూపు పోయినట్టే పోతాయి, అడ్డం వస్తే ఆగుతాయి. అందుకే కడ్డీని ట్యాంకు నెత్తికి ఎక్కించారు. ఒక పల్లంలో మా పిలుపు ఫ్యాక్టరీకి అందకపోతే, రుద్రూర్ దగ్గర మిట్ట మీదున్న రెండో జీపు విని, అదే మాట భూమన్నకు అందించింది.

"ఊరూరికి సెట్టు ఇస్తే మంచిగుంటది సార్. కానీ దారి ఒక్కటే గద. ఇద్దరు మాట్లాడితేనే కుస్తీ వడుతుంది" అన్నాడు యూసుఫ్.

అప్పుడు మేం నిజాంసాగర్ కాలువ పక్కన పోతున్నాం. ఒక విదేశీ పత్రికలో నేను చదివింది గుర్తొచ్చి, జీపు ఆపించి కాలువ చూపించాను. "ఒక్క పెద్ద తూముతో ఇంత ఆయకట్టు పారుతుందా? పిల్లకాలువలు తీసి, ఎక్కడికక్కడ చిన్న తూములు పెట్టారు కదా. అలాగే దేశాన్ని చిన్న చిన్న మళ్లుగా కోసి, మడికో చిన్న స్తంభం పాతాలంటున్నారు. స్తంభం బలం ఆ మడి వరకే. అప్పుడు ఇక్కడ వాడిన దారినే నాలుగు మళ్ల అవతల ఇంకొకరు వాడుకోవచ్చు. జీపు ఒక మడి దాటి ఇంకో మళ్లోకి పోతే, ఈ స్తంభం ఆ స్తంభానికి నిన్ను అప్పజెబుతుంది."

"నడుస్తున్న మాట తెగకుంటనా?"

"తెగకుండా."

యూసుఫ్ కాలువ వంక చూశాడు. "అయితది సార్" అన్నాడు, తానే కట్టబోతున్నట్టు.

మధ్యాహ్నం భోజనం యూసుఫ్‌కు తెలిసిన రైతు సుబ్బారావు గారింట్లో. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న రైతుల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. సుబ్బారావు గారు అలా పాతికేళ్ల కిందట తణుకు వైపు నుంచి వచ్చిన మనిషి. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గడ్డపెరుగు. రెండో వాయి అన్నం వడ్డించబోతుంటే పెరట్లోంచి ఎవరో పొగ, పొగ అని అరిచారు. ఎంగిలి చేతుల్తోనే లేచాం.

కాలువ కట్ట కింద పల్లంలో ఒక చెరుకు తోట అంటుకుంది. మేం జీపులో చేరేసరికి చుట్టుపక్కల జనం తోటకు అడ్డంగా చెరుకు నరికి, దారి చేసి, మంటను ఆపేశారు. ఒక పక్క పూర్తిగా బుగ్గయింది. మిగిలిన దాంట్లో ఆకు కాలిపోయి, గడలు నల్లగా నిలబడి ఉన్నాయి. గాలంతా మాడిన బెల్లం వాసన.

గట్టు మీద ఒకావిడ నిలబడి ఉంది. ఏడవడం లేదు. నల్లబడ్డ గడ ఒకటి విరిచి, నాలుకకు తాకించి చూస్తోంది. ఆమె పేరు రూతమ్మ అని, పక్క ఊరి మెథడిస్టు క్రైస్తవ కుటుంబమని, రెండెకరాలు కౌలుకు చేస్తున్నారని సుబ్బారావు గారు చెప్పారు.

"ఇంక తియ్యగనే ఉంది. ఇయ్యాల కోస్తే పనికొస్తది. రేపు మాపటికి పులుస్తది" అంది ఆమె. తర్వాత సుబ్బారావు గారి వైపు తిరిగింది. "గిది పోతే కౌలు పోతది పటేలా. మల్ల మాకు భూమి ఎవరియ్యరు."

ఉన్న రెండు మూడు కత్తులతో దారి చేయగలిగారు గానీ, మిగిలిన తోటంతా కోసేదెవరు? ఆమె పెనిమిటి శామ్యూలు కోత ముఠాకు మేస్త్రీ. అతనూ, అతని అన్నదమ్ములూ, కత్తులూ, బండ్లూ అంతా రెండ్రోజుల కిందట సుబ్బారావు గారి చెరుకు వేసుకొని ఫ్యాక్టరీకి వెళ్లారు. ఇంకా వరుసలోనే ఉన్నారు. మిగతా ముఠాలు దూరపు క్యాంపుల్లో ఉన్నాయి. జీపులో పోయినా, ఆ పొడవాటి వరుసలో శామ్యూలును వెతికి తీసుకొచ్చేసరికి పొద్దు గూకుతుంది.

యూసుఫ్ మీట నొక్కాడు. గరగర తప్ప ఏమీ రాలేదు. మేమున్నది పల్లం, మధ్యలో కాలువ కట్ట. "ఎత్తు మీదికి పోనీ" అని నేననేలోపే అతను జీపును కట్ట ఎక్కిస్తున్నాడు. రూతమ్మా, సుబ్బారావు గారూ, జనమూ వెనకే ఎక్కారు. కట్ట మీద భూమన్న గొంతు శుభ్రంగా పలికింది.

సంగతి విని భూమన్న తన భోంగాల్లో పిలిచాడు. పిలుస్తున్నది మాకూ పెట్టెలోంచి వినిపిస్తోంది. "శామ్యూలు! కోత మేస్త్రీ శామ్యూలు! తోట అంటుకున్నది, జల్ది రావాలె!" కాసేపటికి మాతో అన్నాడు. "నలుగురు శామ్యూలులు ఉరికొచ్చిండ్రు. ఒక్కడు గుడ మీవోడు కాడు. పాపం, ఇంటికాడ ఏమైందోనని ఏడుస్తున్నరు. ప్యూనును తోలిన గని, బండ్లు ఊరవతలి దాక ఉన్నయి."

మళ్లీ పిలిచాడు. మళ్లీ పిలిచాడు. రాలేదు.

"పండుకొని ఉంటడు. రెండు రాత్రులాయె" అంది రూతమ్మ.

భోంగా పొద్దంతా ఎవరో ఒకరి పేరు అరుస్తూనే ఉంటుంది. దాని కింద నిద్రపోవడం బండివాళ్లకు అలవాటే. యూసుఫ్ మైకు తీసి ఆమె ముందు పెట్టాడు. భూమన్న తన మైకును సెట్టు మూతికి ఆనించి పెడితే ఈమె గొంతు నేరుగా భోంగాల్లోంచి వస్తుందట.

"అక్కా, నువ్వే పిలువు. నీ గొంతయితే లేస్తడు. పేరు వెట్టి పిలువు."

రూతమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. తల అడ్డంగా ఊపింది.

నాకు ఓపిక పోయింది. "అమ్మా, పంట పోతోంది. పేరు చెబితే ఏమవుతుంది?"

"ఏం గాదు సారూ. మా పాస్టరయ్య గుడ చెప్పిండు, పాపం లేదని. నోరు రాదు."

పక్కనున్న ఆడవాళ్లెవరూ నవ్వలేదు. సుబ్బారావు గారు మాత్రం నెమ్మదిగా అన్నారు. "మా ఆవిడా అంతేనండి మాస్టారూ. రేషను ఆఫీసులో నా పేరడిగితే మా తమ్ముణ్ణి చూపించి, వాళ్ల అన్నయ్య అంది."

నేనేమైనా అనేలోపే రూతమ్మ యూసుఫ్‌ను అడిగింది. "బిడ్డా, గా భోంగా ఎడ్లకు గుడ వినవస్తదా?"

"అందరికి వినవస్తది అక్కా."

ఆమె మైకు అందుకుంది. యూసుఫ్ ఆమె బొటనవేలు మీట మీద ఉంచాడు. ఆమె ఫ్యాక్టరీ దిక్కుకు మొహం తిప్పుకొని, గొంతు పెంచకుండా, కొట్టంలో నిలబడి మాట్లాడినట్టే మాట్లాడింది.

"మైలా... ఓ మైలా! కర్రోడా! నీళ్లు తాగిండ్రా బిడ్డా? ఎవలన్న తాపిండ్రా లేదా? లెవ్వుండ్రి. ఇంటికి రాండ్రి. లెవ్వు మైలా, లెవ్వు."

యూసుఫ్ ఆమె వేలు మీట మీంచి తీశాడు. పెట్టెలో సన్నటి సీ... మనే చప్పుడు. కట్ట మీద ఉన్న అంతమందిమీ పెట్టె వైపు వంగాం. కాలువ నీళ్లు కదలడం వినిపించింది.

అప్పుడు భూమన్న గొంతు వచ్చింది. ఆయన ఆపరేటరు పద్ధతులన్నీ మర్చిపోయాడు. "ఆగుండ్రి, ఆగుండ్రి! గోడ పక్క వరుసల రెండెడ్లు లేసినయి. చెవులు రిక్కించి భోంగా దిక్కు సూస్తున్నయి. పలుపులు గుంజుతున్నయి... బండి కదులుతుంది... అరే, బండి కిందికెళ్లి మనిషి లేసిండు! పిలువుండ్రి, ఇంకోసారి పిలువుండ్రి!"

ఆమె ఇంకోసారి పిలిచింది. ఈసారి మీట వదలగానే భూమన్న మాట కన్నా ముందు, ఆయన కిటికీలోంచి అనుకుంటాను, మెడగంటల చప్పుడు వచ్చింది. ఏడెనిమిది మైళ్ల అవతలి మెడగంటలు. నా కళ్లు చెమర్చాయి. దాచుకోబుద్ధి కాలేదు.

శామ్యూలును భూమన్న గదికి తీసుకొచ్చారు. అతను మైకు ముందు కొంచెం తటపటాయించాడు. "ఆఁ... నేనే. ఏమైంది?"

అతని గొంతు పెట్టెలోంచి రాగానే రూతమ్మ, ఎదురుగా అతను నిలబడ్డట్టే, కొంగు తల మీదికి లాక్కుంది. "తోట అంటుకున్నది. సగం మిగిలింది. అందర్ని తోల్కొని రా" అంది.

సుబ్బారావు గారు మైకు లాక్కున్నంత పని చేశారు. "శామ్యూలూ, నా చెరుకు అక్కడే రోడ్డు వార దింపేయండి. ఖాళీ బండ్లు తోలుకొచ్చేయండి."

"వరుస పోతది పటేలా!" అని భూమన్న హెచ్చరించాడు.

"పోతే పోయింది. పచ్చి గడ ఇంకో రోజు ఆగుతుంది. కాలింది ఆగదు కదండీ."

పొద్దు వాలకముందే బండ్లు కట్ట మీద కనిపించాయి. మైల అంటే బూడిదరంగుది, కర్రోడు అంటే నల్లది అని అప్పుడు చూశాను. మొగుడూ పెళ్లామూ ఒకరినొకరు పలకరించుకోలేదు. అతను నేరుగా తోటలోకి దిగాడు, ఆమె ఎడ్లకు నీళ్లు పెట్టింది. ముఠా చీకటి పడేదాకా నరికింది. ఆ రాత్రికి నేను సుబ్బారావు గారింట్లో ఉండిపోయాను.

తెల్లవారి యూసుఫ్ జీపులో నన్ను బోధన్‌లో దింపాడు. కాలిన చెరుకు వస్తోందని ముందే వైర్‌లెస్‌లో చెప్పడంతో, ఫ్యాక్టరీవాళ్లు నిన్నటి గడలను వరుసతో పని లేకుండా కాంటా మీదికి రానిచ్చారు. అక్కడే శామ్యూలు కలిశాడు. ఒళ్లంతా మసి, కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఒక పక్క బుగ్గయినా, కౌలు నిలబెట్టుకునేంత చెరుకు దక్కిందన్నాడు.

"నిన్న నీ పేరు అన్నిసార్లు పిలిచారయ్యా, వినపడలేదా?" అని అడిగాను.

"వినవడ్డది సారూ, నిద్రల. ఎవరినో పిలుస్తున్నరు అనుకున్న. గా భోంగాకు పేర్లు పిలుసుడే పని గద." అతను కర్రోడి మెడ నిమిరాడు. "ఎడ్లకు నీళ్లు తాపినవా అని ఇంట్ల రోజు అడుగుతది. నిన్న నేను తాపలే. గది వినవడంగనే దిగ్గున లేసిన. ఇంట్లనే ఉన్న అనుకున్న."

మధ్యాహ్నం బోధన్ నుంచి చిన్న రైలెక్కి, జానకంపేటలో హైదరాబాద్ పాసింజరుకు మారాను. రైలు కోసం అక్కడ చాలాసేపు కూర్చోవాలి. టీ ఫరవాలేదు. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు చెరుకు క్రషింగ్ జరిగే చలికాలంలోనే వెళ్లండి. ఎండాకాలంలో చూడ్డానికి మోళ్లు తప్ప ఏమీ ఉండవు.

రైలు కదిలాక ఆ మాట వెళ్లిన దారిని మనసులో మళ్లీ లెక్క వేసుకున్నాను. గొంతు మైకులో పడి విద్యుత్తవుతుంది, విద్యుత్తు తరంగమై ట్యాంకు మీది కడ్డీకి తగులుతుంది, మళ్లీ విద్యుత్తయి, మళ్లీ చప్పుడై భోంగాలోంచి వస్తుంది. ఈ మాటలన్నీ నేను బల్ల గుద్ది చెప్పేవాణ్ణి, పిల్లలు రాసుకునేవాళ్లు. కానీ ఇన్ని రూపాలు మారి, ఇన్ని మైళ్లు దాటి వెళ్లాక కూడా అందులో ఒక మనిషి చెక్కుచెదరకుండా మిగులుతుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. కట్ట మీద పలికింది రూతమ్మ. గోడ పక్కన వినిపించిందీ రూతమ్మే. దానికి సాక్ష్యం చెప్పింది మైల, కర్రోడు. వాటికి రేడియో గురించి ఏమీ తెలియదు, అబద్ధమూ తెలియదు.